సాఫ్ట్‌వేర్ పనికి గంటల లెక్క: ముక్కలు చేసే పద్ధతుల్లో ఏది ఎప్పుడు పనికొస్తుంది

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకి సాఫ్ట్‌వేర్ చేసివ్వాలనుకోండి. రైతు తెచ్చిన సరుకు లాటుల వారీగా నమోదు కావాలి. టిక్కీలు (మిర్చి బస్తాలు) లెక్కపడాలి, కాటా తూకం ఎక్కాలి, క్వింటా ధర వేయగానే రైతుకి పట్టీ (కోతలు పోను ఎంత వస్తుందో చూపే చీటీ), కొన్న వ్యాపారికి బిల్లు బయటికి రావాలి. యజమాని అడిగేది రెండే మాటలు: ఎన్నాళ్లు, ఎంత? విజయవాడలోనూ గుంటూరులోనూ నలుగురైదుగురితో నడిచే ఆఫీసుల్లో ఈ రెండింటికీ జవాబు చాలాసార్లు ఫోన్లోనే చెప్పేస్తారు. "ఓ నెలన్నర పడుతుందండీ" అంటారు. ఆ నెలన్నరే కొటేషన్లోకి ఎక్కుతుంది, కొటేషన్లో ఉన్నదే గడువవుతుంది. అక్కడి నుంచి టీమంతా ఆ మాట నిలబెట్టడానికి రాత్రిళ్లు కూర్చోవాలి.

పనిని ముక్కలు చేసి, ముక్కముక్కకీ గంటలు వేసి, కూడిన తర్వాతే నోరు విప్పడం మంచిదని అందరూ ఒప్పుకుంటారు. చిక్కు ఏమిటంటే ముక్కలు చేయడానికీ, వాటికి అంకె వేయడానికీ అరడజను పద్ధతులున్నాయి. ఒక్కోటి ఒక్కో సందర్భం కోసం పుట్టింది. ఒక సందర్భంలో వాడాల్సిన దాన్ని ఇంకో చోట వాడితే, అసలు లెక్కే వేయనట్టు అవుతుంది.

తొందరలో ఉన్నవాళ్ల కోసం మా తీర్పు ముందే చెబుతున్నాం. ధర ముందుగా ఖాయం చేసుకుని చేసే చిన్న, మధ్యస్థాయి పనులకి ఫీచర్ల వారీ ముక్కలు, వాటికి నేరుగా గంటలు, అనుమానం ఉన్న ముక్కలకి మాత్రం మూడంకెల అంచనా (తక్కువలో తక్కువ, మామూలు, ఎక్కువలో ఎక్కువ): ఇంతకన్నా నమ్మకమైనది లేదు. స్టోరీ పాయింట్లు (పనుల్ని ఒకదానితో ఒకటి పోల్చి వేసే అంకెలు) కొటేషన్‌కి పనికిరావు, పని మొదలయ్యాక పనికొస్తాయి. ఫంక్షన్ పాయింట్లు (వాడేవాడికి కనిపించే అంశాల్ని లెక్కపెట్టి వేసేవి) టెండర్లకీ, మన లెక్కని ఇంకో వైపు నుంచి సరిచూసుకోవడానికీ. ఎస్, ఎం, ఎల్ అంటూ చొక్కా సైజులు చెప్పడం మొదటి ఫోన్ కాల్ వరకే.

ముక్కలు చేస్తే లెక్క ఎందుకు బాగుపడుతుంది, ఎక్కడ బాగుపడదు

ఒక పనిలో 25 ముక్కలున్నాయి, ఒక్కోదాని అంచనా 4 గంటలు అటో ఇటో తప్పుతుంది అనుకుందాం. పైకి చూస్తే మొత్తం 100 గంటలు తప్పొచ్చనిపిస్తుంది. కానీ ఒకటి ఎక్కువైతే ఇంకోటి తక్కువవుతుంది, చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. తప్పులు దేనికవి వేరుగా ఉన్నప్పుడు మొత్తం మీద తేడా వర్గమూలం లెక్కన పెరుగుతుంది: 4 × √25, అంటే 20 గంటలు. విడగొట్టడంలోని బలం ఇదే.

ఈ లెక్క రెండు చోట్ల పనిచేయదు. అన్ని ముక్కలకీ అంకెలు వేసింది ఒకే మనిషి, ఆ మనిషికి ప్రతిదీ సులువుగా కనిపించే స్వభావం ఉంటే, తప్పులన్నీ ఒకే వైపుకి పోతాయి. కొట్టేసుకోవడానికి ఏమీ ఉండదు. మనిషి తన పనికి పట్టే కాలాన్ని తరచూ తక్కువగానే ఊహిస్తాడన్న సంగతిని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే చెప్పారు. ఇంతకుముందు అదే పని ఆలస్యమైందని తెలిసినా ఈసారి కాదులే అనుకోవడం అందులో భాగం. అందుకే ప్రతి ముక్కకీ కనీసం ఇద్దరు విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా గంటలు రాయాలి. ఒకరు 6, ఇంకొకరు 8 రాస్తే వాదించుకోనక్కర్లేదు, 8 తీసుకుని ముందుకెళ్లండి. ఒకరు 6, ఇంకొకరు 20 రాస్తే ఆగాలి. ఆ ఇద్దరూ వేర్వేరు పనుల్ని ఊహించుకున్నారన్నమాట. అంకెల సగటు తీసి దాటేస్తే ఆ సంగతి బయటపడకుండా పోతుంది.

రెండోది ఇంకా పెద్దది. జాబితాలోకి రాని ముక్కకి గంటలు సున్నా. దాన్ని కొట్టేసే ముక్క ఇంకోటి ఉండదు. అంచనాలు తప్పేది 8 గంటల పనికి 10 గంటలు పట్టడం వల్ల కాదు. 30 గంటల పని ఒకటి ఉందని ఎవరికీ తట్టకపోవడం వల్ల. కాబట్టి ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు అడగాల్సింది, అంకెలు ఎంత కచ్చితంగా వస్తాయని కాదు, మర్చిపోయినవాటిని ఈ పద్ధతి గుర్తుచేస్తుందా లేదా అని. పద్ధతుల్ని మేం ఈ ఒక్క కొలతతోనే పోలుస్తున్నాం.

రైతు పట్టీ ఒక్కటే తీసుకుని చూద్దాం

పై కొట్టు సాఫ్ట్‌వేర్లో "పట్టీ మాడ్యూల్" అని ఒక వరస రాసి 5 రోజులు, అంటే 40 గంటలు అని వేసేవాళ్లు చాలామంది. ఒక స్క్రీను, ఒక ప్రింటు, అంతేగా అనిపిస్తుంది. దాన్నే విడగొడితే ఇలా తేలుతుంది:

కోతల నియమాలు గుమాస్తాతో కూర్చుని రాసుకోవడం, 6 గంటలు
టేబుళ్లు, 4
తూకం, తరుగు, హమాలీ, కాటా కూలి, కమీషన్ లెక్క, 10
అడ్వాన్సు, దాని వడ్డీ మినహాయింపు, 12
నమోదు స్క్రీను, 10
తెలుగులో ప్రింటు, 12
ఇచ్చిన పట్టీని సవరించడం, రద్దు చేయడం, 10
పాత చేతిరాత పట్టీలతో సరిచూడడం, 12
అందులో దొరికిన తప్పులు దిద్దడం, 8
గుమాస్తాకి నేర్పడం, 4

మొత్తం 88 గంటలు. 40 ఎక్కడ, 88 ఎక్కడ! కోడు రాసే భాగం, అంటే టేబుళ్లు, లెక్కలు, స్క్రీను కలిపితే 36 గంటలే. మొదట 40 అన్నవాళ్లు కోడు వరకు సరిగ్గానే ఊహించారు, మిగతా సగానికిపైగా పని వాళ్ల కళ్లముందుకి రాలేదు.

ముక్కల పేర్లు గమనించండి. "పట్టీని సవరించడం, రద్దు చేయడం" అన్నది క్లయింటు నోట రాదు. అడిగితే "పట్టీ ఇచ్చాక ఇంక మార్చం" అంటారు. ఒకే లాటులో మంచి కాయలకి ఒక ధర, తాలు కాయలకి ఇంకో ధర పడుతుంది. రెండూ తారుమారైన పట్టీ చేతికొచ్చాక రైతు ఊరుకోడు. ఆ మధ్యాహ్నమే సవరణ కావాలి. సవరిస్తే కొన్నవాళ్ల బిల్లు మారాలి, అడ్వాన్సు ఖాతా మారాలి, పాత పట్టీ నంబరు మిగిలి ఉండాలి. ప్రతి ఫీచరుకీ పుట్టడం, మారడం, రద్దవడం, వెతకడం, ముద్రించడం అనే అయిదు ప్రశ్నలు వేసుకుంటే ఇలాంటివి జారిపోవు.

ఎటు నుంచి కోయాలి

కోతలు మూడు రకాలు. మొదటిది దశల వారీగా: డిజైన్, కోడింగ్, టెస్టింగ్, డెప్లాయ్‌మెంట్. పెద్ద కంపెనీల్లో నేర్చుకుని వచ్చినవాళ్లకి ఇది అలవాటు. కాగితం మీద చక్కగా కనిపిస్తుంది కానీ "టెస్టింగ్, 60 గంటలు" అన్న వరసలో ఏం పరీక్షిస్తారో తెలియదు. ఏం మర్చిపోయామో కూడా తెలియదు. అంచనాకి ఇది అన్నిటికన్నా బలహీనమైన కోత.

రెండోది పొరల వారీగా: డేటాబేస్, ఏపీఐ (ఒక ప్రోగ్రాము ఇంకోదానితో మాట్లాడే దారి), స్క్రీన్లు, రిపోర్టులు. పని పంచుకోవడానికి బాగుంటుంది, ఎవరికి ఏది వచ్చో అది వాళ్లది. కానీ పొరల్ని కలిపి నడిపించే పని ఏ వరసలోనూ పడదు. ఏపీఐ అయిపోయింది, స్క్రీను అయిపోయింది, రెండూ కలవడానికి ఇంకో వారం. పైగా అన్ని పొరలూ పూర్తయ్యేదాకా యజమానికి చూపించడానికి ఏమీ ఉండదు.

మూడోది ఫీచర్ల వారీగా, అంటే వాడేవాడు మొదలుపెట్టి పూర్తిచేసే ఒక పనికి ఒక ముక్క. "లాటు నమోదు", "పట్టీ ఇవ్వడం", "అడ్వాన్సు రాయడం". ఒక్కోదానికింద దాని టేబులు, లెక్క, స్క్రీను, ప్రింటు, పరీక్ష అన్నీ వస్తాయి. మా ఓటు దీనికే. కారణం: ఈ జాబితాని క్లయింటుకి చదివి వినిపించొచ్చు. "మరి కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకు మాటేంటి?" అని ఆయనే అడుగుతాడు. డేటాబేస్ వరస చూసి ఆ ప్రశ్న అడిగే వ్యాపారి ఉండడు. మర్చిపోయిన ముక్కల్ని పట్టుకోవడానికి ఇంతకన్నా చవకైన ఉపాయం లేదు.

ఫీచర్లకి చెందని పనులు కొన్ని మిగులుతాయి: సర్వరు, లాగిన్లు, బ్యాకప్, పాత డేటా తేవడం. వాటికి విడిగా ఒక శాఖ పెట్టండి, ఫీచర్లలోకి జొనపకండి.

ఎంత చిన్నగా కోయాలన్నదానికి పాతకాలపు ప్రాజెక్టు మేనేజ్‌మెంట్లో 8 నుంచి 80 గంటల సూత్రం ఉంది. నలుగురి టీముకి 80 చాలా ఎక్కువ. అలాంటి ముక్క ఆలస్యమవుతోందని తెలిసేసరికి రెండు వారాలు దాటిపోతాయి. 4 నుంచి 16 గంటల మధ్య ఆపండి. 16 దాటితే ఇంకా లోపల ఏదో దాగుందని అర్థం. 4కన్నా తగ్గితే లాభం లేదు. అరగంట ముక్కలు రెండొందలు రాసుకుంటే అంకె కచ్చితమైనదన్న భ్రమ వస్తుంది తప్ప ముక్కల మధ్య అతుకుల పని మొత్తం జారిపోతుంది. ఒక ముక్క పూర్తయిందని దేన్ని చూసి చెబుతారో ఒక్క వాక్యంలో రాయలేకపోతే దాన్ని ఇంకా కోయాలి.

నేరుగా గంటలా, మూడంకెలా

నేరుగా గంటలు వేయడం సులువు, వేగం, క్లయింటుకి అర్థమవుతుంది. లోపం ఒక్కటే: తెలిసిన పనికీ తెలియని పనికీ ఒకేలాంటి అంకె వేస్తాం. స్క్రీనుకి 10, తెలుగు ప్రింటుకి 12 అని పక్కపక్కన రాస్తే రెండూ సమానంగా ఖాయమైనట్టు కనిపిస్తాయి. కావు.

తెలుగు ప్రింటు సంగతే చూడండి. కొట్లలో ఇంకా డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లున్నాయి. వాటిలో చాలావాటికి సొంత అక్షరాల్లో తెలుగు ఉండదు, కాబట్టి మాటల్ని బొమ్మగా మార్చి పంపాలి. చిన్న థర్మల్ ప్రింటర్లకీ దాదాపు ఇదే కథ. బొమ్మగా పంపితే వేగం తగ్గుతుంది, వరసలో నిలబడ్డ రైతులకి ఆలస్యం. పీడీఎఫ్ చేసి పంపుదామంటే, వాడే లైబ్రరీకి తెలుగు ఒత్తులు కలపడం రాకపోవచ్చు. "టిక్కీ" అన్న మాటలో ఒత్తు విడిపోయి పొల్లు అక్షరంలా పడుతుంది. లైబ్రరీ మార్చాలి, ఫాంటు మార్చాలి, మళ్లీ కాగితం కొలతలు సరిచూడాలి. అదృష్టం బాగుంటే బ్రౌజరు నుంచే సరిగ్గా పడుతుంది, 6 గంటల్లో అయిపోతుంది. లేకపోతే 36.

ఇలాంటి ముక్కలకే మూడంకెలు. 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కార్యక్రమం కోసం తయారుచేసిన పెర్ట్ పద్ధతి నుంచి వచ్చిన లెక్క ఇది. అన్నీ కలిసొస్తే ఎంత, మామూలుగా ఎంత, ఎదురుతిరిగితే ఎంత అని మూడు రాసుకుని, మధ్యదాన్ని నాలుగుతో గుణించి, మూడూ కూడి ఆరుతో భాగించాలి. ప్రింటుకి 6, 12, 36 అయితే 6 + 48 + 36 = 90, భాగిస్తే 15 గంటలు. ఎక్కువలోంచి తక్కువ తీసేసి ఆరుతో భాగిస్తే చెదురు, అంటే అంకె ఎంత అటూఇటూ కావొచ్చో, తెలుస్తుంది: 30 ÷ 6, అంటే 5 గంటలు.

అడ్వాన్సు వడ్డీ కూడా అలాంటిదే. నూటికి ఇంత అని వడ్డీ, సరే. నెల అంటే 30 రోజులా, తేదీ నుంచి తేదీకా? మధ్యలో కొంత కడితే ముందు వడ్డీకి జమా, అసలుకి జమా? రైతుకో లెక్క ఉందని గుమాస్తా చెప్పే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. 8, 12, 28 వేస్తే 14 గంటలు, చెదురు 3.3.

ఇప్పుడు పట్టీ మొత్తం 88 కాదు, 93. రెండు ముక్కల చెదురూ కలిపి చూస్తే, 5, 3.3ల వర్గాలు 25నీ 11నీ కూడి వర్గమూలం తీస్తే, 6 గంటలు. దానికి రెండింతలు పక్కన పెడితే 105. క్లయింటుకి చెప్పే అంకె 93 నుంచి 105 మధ్య. ప్రతి ముక్కకీ ఎక్కువ అంకె వేసి కూడితే ఇంకా చాలా పెరిగి కొటేషన్ చేజారుతుంది. ప్రతి ముక్కకీ తక్కువ వేస్తే మనం మునుగుతాం.

అన్ని ముక్కలకీ మూడంకెలు వేయకండి. అలసిపోయి, మధ్యదానికి కొంచెం తీసేసి కొంచెం కలిపి మూడూ నింపేస్తారు. అది లెక్క కాదు. నాలుగైదు ముక్కలు ఎంచుకుని, "ఎదురుతిరిగితే" అన్న గడిలో ఏం ఎదురుతిరుగుతుందో మాటల్లో రాయించండి. ఆ మాటలే అంకెకన్నా విలువైనవి. 36 అని రాసినవాడు "ఒత్తులు విడిపోతే లైబ్రరీ మార్చాలి" అని కూడా రాస్తే, కొటేషన్ ఇచ్చే ముందే ఒక పూట కూర్చుని ఒక నమూనా పట్టీ ప్రింటు తీసి చూడొచ్చు. నాలుగు గంటల ఆ పరీక్షతో 30 గంటల అనుమానం తీరిపోతుంది. ఏ సూత్రమూ ఇంత మేలు చేయదు.

ఇంకో మాట. ముక్కముక్కకీ చాటుగా 20 శాతం కలిపి ఇచ్చే అలవాటు మన దగ్గర బాగా ఉంది. పని తనకిచ్చిన కాలాన్నంతా నింపేస్తుందని బ్రిటిష్ రచయిత పార్కిన్‌సన్ 1955లో రాసిన మాట ఇక్కడ అక్షరాలా నిజం. ముక్కలో దాచిన గంటలు ముక్కలోనే ఖర్చయిపోతాయి, నిజంగా అవసరమైన ముక్కకి మిగలవు. అదనం ఏదైనా ఉంటే చివర ఒకేచోట, అందరికీ కనిపించేలా పెట్టండి.

స్టోరీ పాయింట్లు

1, 2, 3, 5, 8, 13 అంకెల పేకముక్కలతో ఆడే ప్లానింగ్ పోకర్‌ని జేమ్స్ గ్రెనింగ్ 2002లో రూపొందించాడు. అందరూ ఒకేసారి పేకముక్క తిప్పడం వల్ల సీనియరు చెప్పిన అంకెకి మిగతావాళ్లు తలూపడం ఆగుతుంది. ఎక్కువ వేసినవాళ్లూ తక్కువ వేసినవాళ్లూ కారణం చెప్పాలి కాబట్టి దాగిన పని బయటికొస్తుంది. ఈ రెండూ నిజమైన లాభాలు. ఈ ఆటని గంటలతోనూ ఆడుకోవచ్చు, ఎవరూ అడ్డు చెప్పరు.

పాయింటు అన్నది మాత్రం గంట కాదు, ఆ టీములో ఒక పనితో పోలిస్తే ఇంకో పని ఎంత పెద్దదన్న లెక్క. రెండు వారాల స్ప్రింటుకి (ఒక విడత పనికి) సగటున ఎన్ని పాయింట్లు తెములుతున్నాయో తెలియాలంటే అదే టీము మూడు నాలుగు స్ప్రింట్లు కలిసి పనిచేయాలి. మిర్చి కొట్టు యజమానికి కొటేషన్ ఇచ్చేనాటికి ఆ లెక్క ఎక్కడిది? అందుకే "ఒక పాయింటంటే ఒక రోజు" అని మార్చేస్తారు. అలా మార్చాక పాయింట్లు వాడటంలో అర్థం లేదు, సూటిగా రోజులే రాయొచ్చు. నెలవారీ చెల్లింపు మీద, ఒకే ఉత్పత్తి మీద ఏళ్లతరబడి పనిచేసే టీములకి, గన్నవరం దగ్గర మేధా టవర్స్‌లోనో మంగళగిరిలోనో ఉన్న ఆఫీసుల్లో విదేశీ క్లయింటు కోసం చేసేవాళ్లకి, ఇది సరిగ్గా సరిపోతుంది. రెండు టీముల పాయింట్లు పోల్చి ఎవరు బాగా పనిచేస్తున్నారో తేల్చే మేనేజర్లుంటే మాత్రం వాడకండి. పాయింట్లు పెరుగుతాయి, పని పెరగదు.

ఫంక్షన్ పాయింట్లు

ఐబీఎంలో అలన్ ఆల్‌బ్రెక్ట్ 1979లో ప్రతిపాదించిన లెక్క. వాడేవాడి కంటికి కనిపించే అయిదు రకాల అంశాలు లెక్కపెట్టి, సులువు, మధ్యస్థం, కష్టం అని విడగొట్టి పాయింట్లు వేస్తారు. లోపలికి వచ్చే నమోదుకి 3, 4, 6. బయటికి వెళ్లే ఫలితానికి 4, 5, 7. వెతికి చూపించేదానికి 3, 4, 6. మన దగ్గరుండే డేటా సమూహానికి 7, 10, 15. బయటి వ్యవస్థ నుంచి చదివేదానికి 5, 7, 10.

పట్టీకే వేసి చూద్దాం. నమోదు 4, సవరణ 4, రద్దు 3. ముద్రణ 5, రోజు సారాంశం 5. వెతకడం 3. పట్టీల సమూహం 7, రైతు ఖాతాలు 7. మొత్తం 38 పాయింట్లు. మీ పాత పనుల్లో పాయింటుకి సగటున 3 గంటలు పట్టినట్టు రికార్డుంటే 114 గంటలు. పైన 93 నుంచి 105 వచ్చింది. ఇంత దగ్గరగా ఉంటే ఫరవాలేదు. సగమో రెండింతలో తేడా వస్తే రెండింట్లో ఒక జాబితా అసంపూర్ణం, వెనక్కి వెళ్లి వెతకాలి.

దీని బలం, ఏ భాషలో రాస్తారో తేలకముందే లెక్కపెట్టొచ్చు, ఇద్దరు లెక్కపెడితే దాదాపు ఒకే అంకె వస్తుంది. కొన్ని ప్రభుత్వ టెండర్లలో ఇది అడగడానికి కారణం అదే. బలహీనత కూడా అక్కడే ఉంది. పట్టీని ఇంగ్లీషులో ముద్రించినా తెలుగులో ముద్రించినా 5 పాయింట్లే. వడ్డీ లెక్క ఎంత మెలికలు తిరిగినా అది పట్టీ నమోదులో కలిసిపోతుంది. సాంకేతికంగా ఎక్కడ కాలు జారుతుందో ఈ పద్ధతి చూడదు. సొంత గంటల రికార్డు లేనివాళ్లకి ఇది అసలు ఉపయోగపడదు. ఎవరో ఇంకో దేశంలో కొలిచిన గంటల్ని తెచ్చి గుణిస్తే వచ్చేది మీ అంచనా కాదు.

మిగతావి క్లుప్తంగా. యూజ్ కేస్ పాయింట్లు 1993లో గుస్తావ్ కార్నర్ చేసినవి, ఫంక్షన్ పాయింట్లకి తమ్ముడు. యూజ్ కేసులు, అంటే వాడేవాడు ఒక పనిని ఎలా నడుపుతాడో చెప్పే వివరణలు, శ్రద్ధగా రాసే అలవాటున్న చోటే వాడాలి. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు బ్యారీ బోయెమ్ 1981లో ప్రచురించిన కోకోమో అనే అంచనా సూత్రం కోడు వరసల మీద నడుస్తుంది. ఎన్ని వరసలవుతాయో ముందే తెలిస్తే ఇంత తంటా లేదు, చిన్న పనులకి వదిలేయండి. చొక్కా సైజులు, పాత ప్రాజెక్టుతో పోలిక రెండూ ఒకే కుటుంబం: "గవర్నర్‌పేటలో టోకు మందుల షాపుకి చేసినంత ఉంటుంది" అని చెప్పడం. మొదటిరోజుకి అది చాలు, కానీ ఒక్క అంకె ఎప్పుడూ చెప్పకండి. ఆలోచన దశలో అసలు శ్రమ మన అంచనాకి నాలుగో వంతు నుంచి నాలుగింతల దాకా ఎక్కడైనా తేలొచ్చన్నది బోయెమ్ గీసిన అనిశ్చితి శంకువు చెప్పే మాట. "రెండు నెలల నుంచి అయిదు నెలల మధ్య, వివరాలు చూశాక పది రోజుల్లో తేల్చి చెబుతాం" అనడంలో నామోషీ ఏమీ లేదు.

జాబితాలో ఎప్పుడూ రానివి

ఇది అచ్చు తీసి గోడకి అంటించుకోదగ్గ భాగం.

పాత డేటా. రైతుల పేర్లు, ఊళ్లు పాత అను ఫాంట్లలో టైపు చేసి ఉంటాయి. తెర మీద తెలుగులా కనిపించినా లోపల యూనికోడ్ (ఏ కంప్యూటరైనా ఒకేలా చదివే అక్షరాల ప్రమాణం) కాదు. మార్పిడి సాధనం పెట్టినా ఒత్తులూ గుడులూ కొన్ని చెడతాయి, మనిషి కూర్చుని చూడాలి. అదే రైతు మూడు రకాల స్పెల్లింగులతో మూడు ఖాతాల్లో ఉంటాడు. వెయ్యి పేర్లుంటే దీనికి విడిగా గంటలు వేయాలి.

కాటా. ఎలక్ట్రానిక్ కాటాలు సీరియల్ కేబుల్ మీద తూకం పంపుతాయి. ఒక్కో తయారీది ఒక్కో వేగం, ఒక్కో అక్షరాల వరస. కాటా మీ ఆఫీసులో ఉండదు, యార్డుకెళ్లి కూర్చోవాలి. ప్రయాణం, సరుకు రద్దీలో వేచి ఉండటం కూడా గంటలే.

టాలీ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్). ఎక్స్‌ఎంఎల్ రూపంలో డేటా పంపితే తీసుకుంటుంది, కానీ క్లయింటు లెడ్జర్ పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా వోచరు తిరగ్గొడుతుంది. కోడు 6 గంటలు, లెడ్జర్ పేర్లు సరిపెట్టడం ఇంకో 6.

ఈ-ఇన్‌వాయిస్ (జీఎస్టీ కింద బిల్లుల ఆన్‌లైన్ నమోదు). 2023 ఆగస్టు 1 నుంచి టర్నోవరు ₹5 కోట్లు దాటిన వ్యాపారులకి తప్పనిసరి. కొన్నవాళ్ల బిల్లు ఉన్న ప్రతి పనిలో ఈ ప్రశ్న మొదటిరోజే అడగాలి.

శ్రమ కాదు కానీ కాలం తినేవి ఇంకొన్ని. రైతుకి ఎస్ఎంఎస్ పంపాలంటే డీఎల్‌టీలో (వ్యాపార ఎస్ఎంఎస్‌ల నమోదు వేదిక) సంస్థ, హెడరు, మెసేజ్ నమూనా నమోదై ఆమోదం రావాలి. పత్రాలు క్లయింటు ఇవ్వాలి. ప్లే స్టోర్లో 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతా నుంచి యాప్ పెట్టాలంటే కనీసం 12 మందితో 14 రోజులు ఎడతెగకుండా క్లోజ్డ్ టెస్టు (ఎంపికచేసిన వాళ్లతోనే పరీక్ష) నడపాలి. వీటికి గంటలు రెండో మూడో, రోజులు మాత్రం వారాలు. ప్రతి ముక్క పక్కన "శ్రమ" ఒక గడి, "ఎదురుచూపు" ఇంకో గడి పెట్టండి. రెండూ కలిపి ఒకే అంకె రాస్తే ధరా తప్పుతుంది, తేదీ కూడా తప్పుతుంది.

గంటల నుంచి తేదీకి

93 గంటల్ని 8తో భాగించి 12 రోజులనకండి. ఫోన్లు, మీటింగులు, పాత క్లయింట్ల మరమ్మతులు, సెలవులు పోగా ఒక డెవలపరు ఒక ప్రాజెక్టు మీద రోజుకి నికరంగా పెట్టేది 5 గంటలని లెక్కకట్టండి. అప్పుడు దాదాపు 19 పనిదినాలు. ఇద్దరిని పెడితే 10 కాదు. పట్టీ లెక్క తేలకుండా ప్రింటు మొదలవదు, నియమాలు రాసుకోకుండా లెక్క మొదలవదు. ఏ ముక్క దేని తర్వాతో గీతలు గీసుకుంటే ఇద్దరితో 12, 13 రోజులని తేలుతుంది.

క్లయింటు క్యాలెండరు కూడా అంచనాలో భాగమే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డులో సీజను ముమ్మరం. గుమాస్తా మీ ఫోను ఎత్తడు, పాత పట్టీలతో సరిచూసే 12 గంటల పని ఆ నెలల్లో కదలదు. నియమాలు రాసుకోవడం, సరిచూడడం సంక్రాంతి లోపే పూర్తికావాలి, లేదంటే వేసవిలో యార్డుకి సెలవులిచ్చినప్పుడు పెట్టుకోవాలి. విజయవాడలో బట్టల వ్యాపారికి చేస్తుంటే దసరా ముందు నెల ఇలాగే ఉంటుంది.

ఏ సందర్భానికి ఏది

ఇంతకుముందు చేసినలాంటి పనే, ధర ఖాయం, నాలుగైదు వందల గంటల లోపు: ఫీచర్ల వారీ ముక్కలు, నేరుగా గంటలు, ఇద్దరి అంచనా. మూడంకెలు రెండు మూడు ముక్కలకి చాలు.

కొత్త రంగం, కొత్త యంత్రం, ఎప్పుడూ వాడని ఏపీఐ ఉంటే మొత్తానికి ధర చెప్పకండి. తెలియని ముక్కల్ని తేల్చడానికి ఒకటి రెండు వారాల చిన్న ఒప్పందం ముందు రాసుకోండి, దానికి డబ్బు తీసుకోండి. మన ఊళ్లలో దీనికి క్లయింట్లు ఒప్పుకోరని అంటారు. ముక్కల జాబితా వాళ్లకే ఇచ్చేస్తాం, నచ్చకపోతే వేరే వాళ్లతో చేయించుకోవచ్చు అంటే ఒప్పుకునేవాళ్లు ఉంటారు. ఒప్పుకోని చోట అనుమానం ఉన్న ముక్కల్ని కొటేషన్ నుంచి విడదీసి, గంటకి ఇంత అని వేరుగా రాయండి.

క్లయింటుకే ఏం కావాలో తేలలేదు, వారం వారం మారుతోంది: నెలవారీ చెల్లింపు, స్టోరీ పాయింట్లు. అక్కడ ఖాయం ధర ఇవ్వడం రెండు వైపులా నష్టమే.

టెండరు, లేదా వెయ్యి గంటలు దాటే పని: ఫీచర్ల ముక్కలూ ఫంక్షన్ పాయింట్లూ రెండూ వేరువేరు మనుషులతో వేయించి పక్కపక్కన పెట్టండి.

ఏది ఎంచుకున్నా కొటేషన్‌కి ముక్కల జాబితా జతచేయండి, గంటలు చూపించకపోయినా ఫరవాలేదు. దానికింద ఊహలు రాయండి: పాత డేటా ఎక్సెల్లో యూనికోడ్ రూపంలో క్లయింటు ఇస్తారు, ప్రింటరు ఒకే రకం, కాటా ఒకే తయారీ, వడ్డీ తేదీ నుంచి తేదీకి, రివ్యూకి ఇచ్చిన ప్రతిదానికీ మూడు పనిదినాల్లో జవాబు. జాబితాలో లేనిది కొత్త పని, దానికి కొత్త గంటలు. పని నడుస్తున్నప్పుడు ప్రతి ముక్క పక్కన అసలు పట్టిన గంటలు ఆ రోజే రాయించండి, నెలాఖరున గుర్తుచేసుకుని రాసినవి దేనికీ పనికిరావు. మూడో వంతు ముక్కలు పూర్తయ్యేసరికి పట్టిన గంటల్ని వేసిన గంటలతో భాగించండి. అది 1.3 అయితే మిగిలిన ముక్కలన్నిటినీ 1.3తో గుణించి, కొత్త తేదీని ఆ వారమే యజమానికి ఫోన్ చేసి చెప్పండి.